అడ్డగుర్తుకు రెండో చెయ్యి

శేషప్ప విమానాల మైదానానికి కాపలాదారు. ఆ పనిలో చేరి పదకొండేళ్ళయినా అతను విమానం ఎక్కింది లేదు, ఎక్కాలని ఆశపడిందీ లేదు. కల మాత్రం వచ్చేది. ఆ కలలో ఆకాశమంతా ఒక మగ్గం. ఆదోని కొండల దగ్గర మొదలైన పడుగు ఎమ్మిగనూరు మీదుగా తుంగభద్ర దాకా తెల్లగా సాగి ఉండేది. దాని నడుమ విమానం పేకనూలు మోసే నాడెలాగా ఇటు నుంచి అటు జారిపోయేది. అది ఒడ్డు చేరేదాకా రెండో నాడె కదిలేది కాదు, ఎక్కడో మబ్బుల వెనక ఓపిగ్గా నిలబడి ఉండేది. మెలకువ వచ్చాక కూడా కాసేపు చెవుల్లో మగ్గం చప్పుడు తగ్గేది కాదు.

అది అతని పాత పని చప్పుడు. ముప్పై ఏళ్ళు గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడు. మోకాలు పట్టేసి ఇక గుంతలోకి దిగలేననుకునే వేళకు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, సైన్యం వాళ్ళు వచ్చి ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ రేగడి చేలను చదును చేయించి, పైన ఎర్రగరుసు పోయించి, అరమైలు పొడుగున బాట వేశారు. అటూ ఇటూ సున్నం కొట్టిన రాళ్ళు పాతారు. కాపలాకు మనిషి కావాలన్నప్పుడు శేషప్ప పోయి నిలబడ్డాడు. అక్కడి దొర అతనికి ఒక చెక్కపెట్టె, అందులో కొన్ని బట్టలు ఇచ్చి, దుబాసీని పక్కన పెట్టుకొని పని నేర్పించాడు.

నేర్చుకోవలసింది తక్కువే. కొయ్యకు కట్టిన గాలిసంచి చూసి గాలి ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవాలి. గాలికి ఎదురుగా దిగమని చెప్పే తెల్లబట్టను బాట మొదట్లో పరచాలి. దిగకూడని పరిస్థితి ఉంటే దాన్ని తీసేసి, ఇరవై మూరల తెల్లబట్టలు రెండింటిని ఒకదానిమీద ఒకటి అడ్డంగా, కత్తెర మాదిరి పరచాలి. అదే అడ్డగుర్తు. పైనున్నవాడితో మాట్లాడటానికి ఈ మైదానంలో ఇంకే సాధనమూ లేదు. ఏ గుర్తూ లేకపోతే దిగడం పైలటు ఇష్టం.

"ఒకటి బాట మీద ఉండగా ఇంకొకటి దిగకూడదు. అంతా మరిచిపోయినా ఇది మరవద్దు" అని దుబాసీ మూడుసార్లు చెప్పాడు.

"ఇది మాకు సెప్పల్నా సామీ. పోగు మీద పోగు పడితే ముడి పడ్తాది" అన్నాడు శేషప్ప.

యుద్ధం అయిపోయింది. దొరలు పోయారు. కర్నూలు రాజధాని అయింది. మైదానం మాత్రం ఏడాదికి ఐదారు విమానాలు దిగే చోటుగా మిగిలిపోయింది. దిగిన ప్రతి విమానానికీ శేషప్ప సరిగ్గానే బట్ట పరిచాడు. అడ్డగుర్తు పరచవలసిన అవసరం ఒక్కనాడూ రాలేదు.

రాలేదు కాబట్టే ఆ తప్పు జరిగింది.

మూడేళ్ళ కిందట కలరా గత్తర వచ్చి అతని భార్య ఉరుకుందమ్మ రెండు రోజుల్లో పోయింది. ఆ నెల నేతగాళ్ళ పేటకు నూలు రాలేదు, ఒక్క మగ్గం మీదా గుడ్డ లేదు. ఆదోనిలో గత్తర భయానికి అంగళ్ళు మూసుకున్నారు. బతికినన్నాళ్ళూ నూలు కండెలు చుట్టి ఊరందరికీ బట్ట అందించిన మనిషికి కప్పడానికి కొత్తబట్ట లేదు. వాడిన చీర కప్పి పంపడానికి నేతగాడికి చేతులు రావు. శేషప్ప పెట్టె తెరిచాడు. అడ్డగుర్తు బట్టల్లో ఒకటి తీశాడు. ఎన్నడూ నేల తాకని బట్ట అది. పన్నెండు మూరలు కోసి ఉరుకుందమ్మకు కప్పాడు. మిగిలిన ఎనిమిది మూరలూ ఆ తర్వాత గాలిసంచి చినిగిన చోటల్లా మాసికలయ్యాయి. గాలి నిండినప్పుడు ఆ మాసికలు సంచి తక్కిన గుడ్డకంటే తెల్లగా కనబడేవి. శేషప్ప అటు చూసినప్పుడు కాస్త ఎక్కువసేపే చూసేవాడు.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఏటా ఆఫీసు మనిషి వచ్చి, "అడ్డగుర్తు బట్టలు, రెండు" అని పుస్తకంలో రాసుకుంటుంటే, ఊ కొట్టి వేలిముద్ర వేసేవాడు.

ఆ మార్గశిర మాసం పొద్దున మైదానమంతా పలచటి మంచు. ఆ మంచులో పేట నుంచి హులిగెమ్మ వాళ్ళు పడుగు మోసుకొని వచ్చారు. హులిగెమ్మ ఉరుకుందమ్మ చెల్లెలు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును బారుగా సాగదీసి గంజి పట్టించాలి. దానికి పొడుగైన చదును నేల కావాలి. చుట్టుపక్కల ఈ మైదానాన్ని మించిన చదును లేదు. అందుకని తన గుడిసె పక్కన, రాళ్ళ వరసకు బయట, బాట అంచున గంజి పట్టించుకోవడానికి శేషప్ప ఒప్పుకున్నాడు. కత్తెర కర్రలు నాటి, వాటిమీద అరవై మూరల పడుగును సాగదీసి కట్టారు. పోగుకూ పోగుకూ మధ్య వెదురుబద్దలు దూర్చి ఉన్నాయి. ఆడవాళ్ళు అటూ ఇటూ నడుస్తూ కుంచెలతో గంజి దువ్వుతుంటే, మంచులో పడుగు ఉన్నట్టే ఉండి లేనట్టు, ఎక్కడికో పారుతున్న నీళ్ళలాగా అనిపించింది.

"ఏం బావా, ఈ పొద్దు వస్తాదంట కదా నీ గద్ద" అంది హులిగెమ్మ కుంచె ఆపకుండా.

"ఎనిమిదిన్నరకని కాయితం వచ్చినాది. బళ్ళారి నుంచి కాలవల ఇంజనీరు వస్తాండాడు. మీరు రాళ్ళ ఇవతలే ఉండాల. ఒక్క పోగు అవతలికి పోయినా నేను ఒప్పను."

"పోగులకు కాళ్ళొస్తే ముందుగాల నీకే సెప్తాంలే."

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. అటు బాట నడుమ యేసేపు గుంపు గరుసు పోసి దిమ్మిస కొడుతోంది. పద్నాలుగు మంది కూలీలు. వాళ్ళలో శేషప్ప కూతురు పార్వతమ్మ కూడా ఉంది. యేసేపు గుంపుకు పెద్ద. వానాకాలంలో నీళ్ళు నిలిచిన చోట దిమ్మిస వేస్తూ, "పైన గట్టిగ ఉండాది గానీ మామా, లోపల రేగడి ఇంకా తడి పదునుగానే ఉండాది. నమ్మేదానికి ల్యాదు" అన్నాడు శేషప్పతో.

"ఇంజనీరు వస్తాండాడు కదప్పా. ఆయనకే సెప్పు."

"ఆయన దిగితే కదా సెప్పేది" అని యేసేపు దిమ్మిస ఎత్తాడు.

గాలి తూర్పు నుంచి సన్నగా వస్తోంది. శేషప్ప పడమటి చివర తన గుడిసె ముందర, బాట మొదట్లో, తెల్లబట్ట పరిచి రాళ్ళు పెట్టాడు. విమానం పడమటి నుంచి వచ్చి పొద్దుకు ఎదురుగా దిగాలి. ఎనిమిదిన్నర కాకముందే చప్పుడు వినిపించింది. కూలీలు తట్టలు ఎత్తుకొని పక్కకు పోయారు. చిన్న విమానం, వెండి రంగుది, ఒకసారి మైదానాన్ని చుట్టి వచ్చి, మంచులోంచి మెల్లగా జారి గరుసు మీద వాలింది. కలలోలాగే అనిపించింది శేషప్పకు. నడుమ దాకా పోయి, వెనక్కి తిరగబోతూ, అది ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది.

యేసేపు నమ్మవద్దన్న చోటే చక్రం సగానికి దిగబడింది.

పైలటు, ఇంజనీరు కిందికి దిగారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. యేసేపు గుంపంతా పరుగెత్తి చుట్టూ చేరింది. కొందరు రెక్క కింద భుజాలు పెట్టారు, కొందరు చక్రం దగ్గర గరుసు తోడుతున్నారు. పార్వతమ్మ తోక పట్టుకొని నెడుతోంది. శేషప్ప కుంటుకుంటూ అటు బయల్దేరాడు. ఇంకా సగం దూరమైనా పోలేదు, వీపు వెనక మళ్ళీ అదే చప్పుడు.

తిరిగి చూశాడు. పడమట ఆకాశంలో చుక్కంత ఉంది. కాయితంలో రాసింది ఒకటే. ఇది రెండోది.

అతనికి మొదట భయం వేయలేదు. కలలో రెండో నాడె ఎప్పుడూ ఆగే ఉండేది కదా. ఇదీ ఆగుతుందిలే అనిపించింది. చుక్క కాస్తా రెక్కలైంది. మైదానానికి ఉత్తరంగా వచ్చి చుట్టు తిరగడం మొదలుపెట్టింది. దిగబోయేవాడే అలా తిరుగుతాడు. వాడికి కింద పరిచిన తెల్లబట్ట కనబడుతోంది. రమ్మంటోంది ఆ బట్ట. తిరిగి వచ్చి దిగేటప్పుడు వాడి కళ్ళలోకి నేరుగా పొద్దు. ఆ వెలుగులో వెండి రంగు విమానం, దాన్ని పట్టుకున్న పద్నాలుగు మంది, ఏదీ కంటికి ఆనదు. ఆనేసరికి ఆగడానికి దూరం ఉండదు.

శేషప్ప వెనక్కి పరుగెత్తాడు. పట్టేసిన మోకాలు గుర్తుకు రాలేదు. తెల్లబట్టను కాలితో తన్ని ఊడబెరికి, పెట్టె మూత ఎత్తాడు. అడుగున మడతపెట్టి ఉన్న ఒక్క బట్ట చేతికి వచ్చింది. దాన్ని బాట మీద ఏటవాలుగా విసిరి పరిచి మళ్ళీ పెట్టెలో చెయ్యి పెట్టాడు. పెట్టెలో ఏమీ లేదని ఆ చేతికి తెలుసు. అయినా అడుగున కాసేపు తడిమింది.

బాట మీద తెల్లటి గీత ఒకటే పడి ఉంది. ఒక్క గీతకు ఆకాశంలో ఏ అర్థమూ లేదు.

"హులిగెమ్మా" అని పిలిచాడు. "రెండో బట్ట ల్యాదమ్మా."

హులిగెమ్మ ఆకాశం వైపు చూసింది. నడుమ ఉన్న విమానం వైపు చూసింది. నేల మీది ఒంటి గీతను చూసింది. అక్కకు ఆఖరి నీళ్ళు పోసింది ఆమే. కప్పిన బట్ట అంచు సర్దింది ఆమే. ఈ పక్క ఏ మగ్గమూ అంత మందం గుడ్డ నేయదని ఆ రోజే ఆమె వేళ్ళకు తెలుసు. మూడేళ్ళుగా ఆమె అడగలేదు.

"ఉరుకుందక్క కాడ ఉండాదిలే" అంది. ఆ వెంటనే వెనక్కి తిరిగి, "పడుగు ఎత్తండి" అంది.

"తడి మీదుండాది హులిగీ" అన్నాడు ఆమె మొగుడు బసవన్న. "నేల తగిల్తే పోతాది. మూడు నెలల పని."

"ఎత్తమంటాండా."

నేతగాళ్ళకు పడుగు మోయడం కొత్త కాదు. వెదురుబద్ద బద్దకూ ఇద్దరు నిలబడి, ఎవరూ ముందుకు పోకుండా, ఎవరూ వెనకబడకుండా, అందరి అడుగూ ఒకటిగా పడితే అరవై మూరల పడుగు గాలిలో తేలినట్టు కదులుతుంది. ఒకరు తొందరపడినా బిగిసి తెగుతుంది. ఆ రోజు కూడా వాళ్ళు పరుగెత్తలేదు. పరుగెత్తితే అందదని వాళ్ళకు తెలుసు. బసవన్న "హూ, హూ" అని లెక్క పట్టాడు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు కలిసి పన్నెండు మంది, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు, తడిసిన తెల్లటి పడుగును సున్నపు రాళ్ళు దాటించి బాట మీదికి తెచ్చారు. శేషప్ప పరిచిన బట్టకు అడ్డంగా, ఏటవాలుగా, మెల్లగా దించారు.

అప్పటికి రెండో విమానం తిరిగి నేరుగా వాళ్ళ వైపే వస్తోంది.

"పక్కకు రాండి" అన్నాడు శేషప్ప. అందరూ రాళ్ళ బయటికి వచ్చారు. అతను మాత్రం కదల్లేదు, అడ్డగుర్తు నడుమ, దాని రెండు చేతులూ కలిసిన చోట నిలబడ్డాడు. విమానం చప్పుడు పెరిగింది. తర్వాత ఆ చప్పుడు కూడా దూరమైనట్టు, గుంత మగ్గంలో కూర్చున్నప్పటి నిశ్శబ్దం ఒకటి వచ్చి చుట్టుకుంది. పొద్దు పడుగు మీద పడింది. గంజి తడి ఆరని వేల పోగులు ఒక్కసారి వెలిగాయి. బాటకు అడ్డంగా ఎవరో అద్దం పరిచినట్టు ఉంది.

విమానం ముక్కు పైకి లేచింది. అతని తల మీదుగా, రెక్కల నీడ పడుగు మీద జారుతుండగా, నడుమనున్న విమానం మీదుగా, తోక పట్టుకొని తల ఎత్తి చూస్తున్న పార్వతమ్మ మీదుగా పైకి పోయింది. దాని గాలికి గాలిసంచి ఒకసారి విదిలించుకొని మళ్ళీ సర్దుకుంది.

యేసేపు బాట నడుమ నుంచి అరిచాడు. "ఎవురప్పా వాడు, సెప్పకుండా వచ్చేది?"

హులిగెమ్మ రాళ్ళు దాటి వచ్చి పడుగు అంచు తడిమింది. "పోగులకు కాళ్ళొచ్చినాయి బావా" అంది.

రెండో విమానం పోలేదు. పైన గుండ్రంగా తిరుగుతూనే ఉంది. అడ్డగుర్తు ఉన్నంతసేపూ దిగకూడదని వాడికి తెలుసు. కింద చక్రాన్ని పైకి తీసి, విమానాన్ని రాళ్ళ బయటికి నెట్టేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా శేషప్ప పడుగు పక్కనే నిలబడి పైకి చూశాడు. ఒకటి ఒడ్డు చేరేదాకా ఇంకొకటి మబ్బుల కింద ఆగి ఉంది. ఇది కలా కాదా అని తేల్చుకోవడానికి వంగి పడుగు తాకాడు. గంజి వేళ్ళకు అంటుకుంది.

బాట ఖాళీ అయ్యాక నేతగాళ్ళు మళ్ళీ అదే నడకతో పడుగును ఎత్తుకుపోయారు. అతను తన బట్ట మడిచి, దిగమనే బట్ట పరిచాడు. రెండో విమానం దిగింది.

అది నేలపటాలు తీసే విమానం. బళ్ళారిలో దిగవలసింది. మొదటిది బయల్దేరాక అక్కడ మంచు బాగా కమ్మేయడంతో, అది విడేదాకా తిరగడానికి పెట్రోలు చాలక ఇటు వచ్చింది. దాని పైలటు ఇరవై అయిదేళ్ళవాడు. హిందీలో ఏదో అంటూ వచ్చి శేషప్ప చెయ్యి పట్టుకున్నాడు. ఇంజనీరు తెలుగు చేసి చెప్పాడు.

"పొద్దు కళ్ళలో పడి ఆయనకు బాటే కనిపించలేదట. అడ్డంగా మెరుపు ఒకటి కనిపిస్తే భయపడి పైకి లేపాడట. రెండో చెయ్యి చూసిన తర్వాతే అడ్డగుర్తు అని అర్థమైందట. ఆ మెరిసే బట్ట ఏ కంపెనీది అంటున్నాడు."

"కంపెనీ ఏంది సామీ, మా హులిగెమ్మది. పడుగు."

ఇంజనీరు పోయి పడుగు చూశాడు. పెట్టె చూశాడు. గుడిసెలోంచి మైదానం పుస్తకం తెప్పించి, జరిగింది రాయడానికి కూర్చున్నాడు. "ఇందులో అడ్డగుర్తు బట్టలు రెండని ఉందే" అన్నాడు.

"ఒకటని రాయండి."

"మూడేళ్ళుగా నీ వేలిముద్ర ఉందయ్యా."

"నాదే. అబద్ధం ముద్ర. ఒకటే ఉండేది."

"రెండోది ఏమైంది?"

శేషప్ప గాలిసంచి వైపు చూశాడు. "మా ఇంటామె కప్పుకొని పోయినాది."

ఇంజనీరుకు వెంటనే తెలియలేదు. తెలిశాక పుస్తకంలో రెండు అన్న అంకె కొట్టేశాడు. తర్వాత ఏదో రాశాడు. ఏం రాశాడో శేషప్ప అడగలేదు. కొత్త గీత కింద, మూడేళ్ళ తర్వాత మొదటిసారి, నిజం ముద్ర వేశాడు.

మధ్యాహ్నం రెండు విమానాలూ లేవాలి. హులిగెమ్మ ఒప్పుకోలేదు.

"గరుసు ఏరేదాకా మీ ఇంజను గాలి ఇక్కడ తగలకూడదు. ఎగిరితే ఉండే నాలుగు పోగులూ ఎమ్మిగనూరు పోతాయి. కూసోమను బావా వాళ్ళను."

అలా మైదానం అంచున అందరూ కూర్చున్నారు. నేతగాళ్ళు, దిమ్మిస కూలీలు, ఇద్దరు పైలటులు, ఇంజనీరు. బసవన్న ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క పోగుల గుంపు ఇచ్చాడు. గరుసు రాయి ఏరడం, ముడి విప్పడం, తెగినచోట అతకడం. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఎవరి పోగులు వాళ్ళ ఒళ్ళో పెట్టుకొని, మాటలు తగ్గి, అందరూ ఏదో నిద్రలో పని చేస్తున్నట్టు ఉన్నారు. కుర్రపైలటు వేళ్ళు గంజితో అంటుకుపోయాయి.

"లాగొద్దు నాయనా" అంది హులిగెమ్మ అతనితో తెలుగులోనే. "ఒకటి కదిలినాకే ఇంగొకటి. యాడ నేర్పిచ్చినారో మీకు."

పార్వతమ్మ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. ఇంజనీరు దాన్ని తెలుగులోంచి హిందీకి మార్చకుండా ఊరుకున్నాడు.

పడుగులో మూడో వంతు చీరకు పనికిరాకుండా పోయింది. బసవన్న రెండు రోజులు దాన్ని చుట్టి మూలన పెట్టాడు. మూడో రోజు ఆ పాడైన వంతును కోసి, ముతకనూలుతో కలిపి మగ్గానికి ఎక్కించాడు. సంక్రాంతి లోపల ఒక సాయంత్రం హులిగెమ్మ చంకలో చుట్ట పెట్టుకొని గుడిసెకు వచ్చింది. విప్పి, మంచం మీద పరిచింది. ఇరవై మూరలు. మందంగా, తెల్లగా ఉంది. దగ్గరికి పోయి చూస్తే అక్కడక్కడా ఎర్రగరుసు మరక.

"కొలుసుకో" అంది. "మళ్ళా ఎవురికన్నా కప్పేవు."

"నువ్వు పోయేటప్పుడు అడిగినా ఇయ్యను" అన్నాడు శేషప్ప.

"ఆ మాట మీదుండు."

ఆమె పోయాక అతను నిజంగానే మూరవేసి కొలిచాడు. సరిపోయింది. పాత బట్టను, కొత్త బట్టను బాట మీదికి తీసుకుపోయి, ఏ విమానమూ రాని ఖాళీ ఆకాశం కింద, ఒకసారి కత్తెర మాదిరి పరిచి చూసుకున్నాడు. రెండు చేతులూ సమానంగా ఉన్నాయి. తూర్పుగాలి పడిపోయి సంచి కొయ్యకు వాలి ఉంది. చీకటి పడకముందే రెండూ మడిచి పెట్టెలో పెట్టి మూత వేశాడు.

ఆ రాత్రి కలలో నాడె ఒడ్డు చేరింది. రెండోది బయల్దేరింది.